కొఠియా మాదంటే మాదన్న రెండు రాష్ట్రాలు.. మరి ఆ జనం బాధ్యత ఎవరిది?

ఊళ్లు 21. రాష్ట్రాలు రెండు. చాలా ఇళ్లలో ఓటరు కార్డులు రెండు, రేషన్ కార్డులు రెండు. ఆఖరికి కొన్ని ఊళ్లకు పేర్లు కూడా రెండే. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండల్లో ఉన్న కొఠియా గ్రామాల పరిస్థితి ఇది. బయటి నుంచి చూసేవాళ్లకు "భలే ఛాన్స్, రెండు వైపులా పథకాలు" అనిపిస్తుంది. కానీ కాస్త లోపలికి వెళ్లి చూస్తే కథ వేరు. ఇక్కడి జనానికి లేనిది బియ్యమో, పింఛనో కాదు. రేపు ఏదైనా తేడా వస్తే గట్టిగా వెళ్లి అడగడానికి ఒక ప్రభుత్వం!

ఎక్కడుంది ఈ కొఠియా?

మన లెక్కలో ఇది సాలూరు మండలం. మొన్నటిదాకా విజయనగరం జిల్లా. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక పార్వతీపురం మన్యం జిల్లా. ఒడిశా లెక్కలో అయితే కొరాపుట్ జిల్లా, పొట్టంగి బ్లాక్, కొఠియా గ్రామ పంచాయతీ. అసెంబ్లీకి వస్తే ఇటు సాలూరు, అటు పొట్టంగి. పార్లమెంటుకు ఇటు అరకు, అటు కొరాపుట్.

ఉండేది ఎక్కువగా గిరిజనులే. ఇంట్లో కువి భాష మాట్లాడేవాళ్లు చాలామంది. సంతకు దిగితే తెలుగు, ఒడిశా ఆఫీసుకు వెళ్తే ఒడియా. కొండవాలు మీద చోళ్లు, సామలు, అల్లం లాంటి పంటలు, అడవిలో దొరికే చింతపండు లాంటి సరుకు.. బతుకుతెరువు ఇదే. పిల్లాడిని బడిలో వేయాలంటే తెలుగా, ఒడియానా అన్నది ముందు తేలాలి. రెండూ వాడి ఇంటి భాష కాదు.

గొడవ ఎలా మొదలైంది?

దీని మూలాలు 1936లో ఉన్నాయి. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. అప్పటిదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న జయపురం ఏజెన్సీ ప్రాంతం అటు వెళ్లిపోయింది. ఆ తర్వాత జరిగిన సర్వేలో కొఠియా గ్రామాల్లో కొన్నే రికార్డుకెక్కాయని, 21 గ్రామాలు అటూ ఇటూ కాకుండా మిగిలిపోయాయని చెబుతారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక వాదన ఇంకా ముదిరింది.

1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. యథాతథ స్థితి కొనసాగించాలని కోర్టు చెప్పింది. 2006లో ఆ కేసు ముగిసింది. కానీ ఊళ్లు ఎవరివన్నది మాత్రం తేలలేదు. రాష్ట్రాల సరిహద్దు మార్చే అధికారం రాజ్యాంగం మూడో అధికరణ ప్రకారం పార్లమెంటుది. అంటే బంతి అప్పటి నుంచీ ఢిల్లీ కోర్టులోనే ఉంది. ఈలోపు 'యథాతథ స్థితి' అన్న మాటను రెండు రాష్ట్రాలూ ఎవరికి నచ్చినట్టు వాళ్లు చదువుకున్నాయి.

2021లో ఏం జరిగింది?

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆంధ్రా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. గంజాయిభద్ర, పట్టుచెన్నూరు, పగులుచెన్నూరు పంచాయతీల్లోనూ పోలింగ్ పెట్టారు. ఇవి మా గంజైపదర్, ఫటుసెనేరి, ఫగులుసెనేరి గ్రామాలే, పేర్లు మార్చి ఎన్నికలు పెట్టారంటూ ఒడిశా సుప్రీంకోర్టులో ధిక్కార పిటిషన్ వేసింది. ఎప్పటి నుంచో మేమే పాలిస్తున్న ఊళ్లివి అన్నది ఆంధ్రా వాదన.

అదే ఏడాది నవంబర్ 9న అప్పటి ముఖ్యమంత్రులు జగన్, నవీన్ పట్నాయక్ భువనేశ్వర్‌లో కలిశారు. రెండు రాష్ట్రాల చీఫ్ సెక్రటరీలతో కమిటీ వేస్తామన్నారు. కొఠియాతో పాటు నేరడి బ్యారేజీ, జంఝావతి, పోలవరం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఇన్నేళ్లయినా కొఠియా ఫైలు కొలిక్కి రాలేదు.

రెండు చేతులా వస్తోంది కదా, ఇంకేం కావాలి?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. నిజమే, పథకాలు వస్తున్నాయి. 2018లో ఒడిశా ప్రభుత్వం కొఠియా కోసం 150 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. రోడ్లు, బడి, ఆసుపత్రి, పోలీస్ స్టేషన్ వచ్చాయి. ఆంధ్రా వైపు నుంచి రేషన్ బియ్యం, పింఛన్లు అందుతున్నాయి. 2024 జులై నుంచి ఆంధ్రాలో వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు. ఒడిశాలో అర్హులైన మహిళలకు సుభద్ర పథకం కింద ఏడాదికి 10,000 రూపాయలు.

అయితే ఇక్కడ ఒకటి గమనించాలి. రెండు ప్రభుత్వాలూ పోటీపడి ఇస్తున్నవన్నీ 'ఈ ఊరు మాది' అని చూపించుకోవడానికి పనికొచ్చేవే. బోర్డు పెట్టొచ్చు, ఫొటో దిగొచ్చు, రేపు కోర్టులో సాక్ష్యంగా చూపొచ్చు. అలా చూపించుకోవడానికి వీల్లేని పనుల సంగతేంటి?

ఉదాహరణకు భూమి. అటవీ హక్కుల చట్టం కింద పట్టా కావాలంటే ముందు గ్రామసభ తీర్మానం, తర్వాత సబ్ డివిజన్ కమిటీ, ఆ తర్వాత జిల్లా కమిటీ. ఏ జిల్లా? ఒక రాష్ట్రం ఇచ్చిన పట్టాను రెండో రాష్ట్రం గుర్తిస్తుందా? పట్టా మీద అనుమానం ఉంటే బ్యాంకు లోను కష్టం, పంట నష్టపరిహారం కష్టం. రేపు ఏ గనుల కోసమో భూమి అడిగితే, ఎవరి గ్రామసభ 'వద్దు' అనాలి? పీసా చట్టం గ్రామసభకు బలం ఇచ్చింది సరే, ఇక్కడ ఒకే ఊరికి రెండు పంచాయతీలు!

రాత్రిపూట పురుటి నొప్పులు వచ్చినా ఇదే లెక్క. ఏ వైపు 108కి ఫోన్ చేయాలన్నది ఇంట్లో వాళ్లే తేల్చుకోవాలి. ఇద్దరు యజమానులున్న చోట మంచి పనికి ఇద్దరూ వస్తారు. తప్పు జరిగితే మాత్రం 'అది వాళ్లది' అంటారు.

ఇప్పుడే ఎందుకు తేల్చాలి?

ఎందుకంటే టైమ్ మారింది. రెండు ఓట్లు ఇన్నాళ్లూ చూసీచూడనట్టు నడిచిపోయాయి. 2024లో మే 13నే ఇటు ఆంధ్రాలో, అటు కొరాపుట్‌లో పోలింగ్ జరిగింది. రెండు పోలింగ్ బూత్‌లూ ఈ ఊళ్ల జనాన్ని రమ్మనే పిలిచాయి. కానీ 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఒక మనిషి పేరు ఒక నియోజకవర్గంలోనే ఉండాలి. కార్డులు ఇచ్చింది ప్రభుత్వాలు. చట్టం ముందు దొరికేది మాత్రం కొండ మీద రైతు.

రేషన్ కార్డులు రెండు ఉండొచ్చు, ఆధార్ మాత్రం ఒక్కటే. అందులో అడ్రస్ ఒక్క రాష్ట్రానిదే. ప్రతి పథకం ఆధార్‌తో ముడిపడిన ఈ రోజుల్లో డూప్లికేట్ పేర్లు తీసేయడం కంప్యూటర్‌కు నిమిషాల పని. అప్పుడు ఏ కార్డు పోతుందో, ఏ కార్డు మిగులుతుందో ఎవరు నిర్ణయిస్తారు? పైగా 2027 జనగణన. ఈ ఊళ్ల జనం ఏ రాష్ట్రం లెక్కలోకి వస్తారన్నది రేపటి నిధులకూ, సీట్లకూ సంబంధించిన విషయం.

దారి ఉందా?

ఉంది. అస్సాం, మేఘాలయ మధ్య కూడా ఇలాంటి గొడవే దశాబ్దాలు నడిచింది. 12 వివాదాస్పద ప్రాంతాల్లో ఆరింటి మీద 2022 మార్చి 29న ఒప్పందం కుదిరింది. అక్కడ రెండు రాష్ట్రాల కమిటీలు ఊళ్లకు వెళ్లాయి. పాత రికార్డులతో పాటు జనం ఇష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నాయి. కొఠియాలో ఇప్పటిదాకా జరగనిది సరిగ్గా ఇదే.

ఇంకో చిక్కు ఏంటంటే ఆంధ్రా దక్షిణ జోనల్ కౌన్సిల్‌లో ఉంది, ఒడిశా తూర్పు కౌన్సిల్‌లో ఉంది. మామూలుగా జరిగే మీటింగుల్లో ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర కూర్చోరు. కాబట్టి కేంద్రమే పిలవాలి. రాజకీయంగా అడ్డంకి కూడా తక్కువే. 2024 జూన్ 12న, ఒకే రోజు, చంద్రబాబు, మోహన్ చరణ్ మాఝీ ప్రమాణం చేశారు. రెండు చోట్లా, ఢిల్లీలోనూ ఉన్నది ఎన్డీయేనే.

తుది తీర్పు పార్లమెంటులో వచ్చేలోపు చేయగలిగిన పనులు కూడా ఉన్నాయి. రెండు రాష్ట్రాలు కలిసి ఊరూరా భూమి సర్వే చేయొచ్చు. ఒకరిచ్చిన పట్టాను, సర్టిఫికెట్‌ను రెండోవాళ్లు గుర్తించేలా రాతపూర్వక ఒప్పందం చేసుకోవచ్చు. తుది నిర్ణయం వచ్చేదాకా ఎవరి కార్డూ రద్దు చేయబోమని హామీ ఇవ్వొచ్చు. వీటిలో ఏ ఒక్కదానికీ సరిహద్దు గీత ఎటు జరగాలన్నది ముందే తేలాల్సిన పని లేదు.