మూత్రం తగ్గితే కావలసింది మాత్ర కాదు, కారణం

మూత్రం సరిగా రావడం లేదని చెప్పగానే మూత్రం బాగా వచ్చే బిళ్ళ చేతిలో పెట్టే అలవాటు మన మందుల దుకాణాల్లో పాతుకుపోయింది. ఇంట్లోవారి సలహా మరొకటి: నీళ్ళు బాగా తాగించండి. రెండింటిలోనూ లోపం ఒక్కటే. కారణం తెలియకముందే వైద్యం మొదలవుతోంది.

పెద్దవారిలో మూత్రం రోజుకు 400 మిల్లీలీటర్ల కంటే తగ్గితే దానిని అల్పమూత్రత అంటాము. శరీరంలో రోజూ పుట్టే వ్యర్థాలు బయటికి పోవాలంటే కనీసం అంత మూత్రమైనా కావాలి.

కారణాలు మూడు చోట్ల ఉంటాయి. మొదటిది, మూత్రపిండానికి చేరే రక్తం తగ్గడం. వాంతులు, విరేచనాలు, వడదెబ్బ, రక్తస్రావం, గుండె బలహీనత ఈ కోవలోనివి. రెండవది, మూత్రపిండమే దెబ్బతినడం. తీవ్రమైన ఇన్ఫెక్షన్లు, ఎలుక జ్వరం, రక్తపింజరి కాటు, కొన్ని మందులు ఇందుకు కారణాలు. మూడవది, మూత్రం వెళ్ళే దారి మూసుకుపోవడం. పెరిగిన ప్రోస్టేట్ గ్రంథి, రాళ్ళు, కణితులు దీనికి మూలం.

ఈ ముగ్గురు రోగులకూ ఒకే బిళ్ళ ఎలా సరిపోతుంది? విరేచనాలతో ఎండిపోయిన మనిషికి అది ఇస్తే ఒంట్లో మిగిలిన నీరు కూడా పోతుంది. దారి మూసుకున్నవారికి కావలసింది గొట్టం వేసి మూత్రం తీయడం లేదా అడ్డు తొలగించడం. గుండె బలహీనత ఉన్నవారిచేత చెంబులకొద్దీ నీళ్ళు తాగిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం ముదురుతుంది. అదే రోగికి వైద్యుడు చూసి ఇచ్చిన ఆ బిళ్ళ ఎంతో మేలు చేస్తుంది. కనుక తప్పు మందుది కాదు, చూడకుండా ఇచ్చే చేతిది.

పల్లెల్లో వైద్యుడు దొరకడు కదా, ఏదో ఒకటి ఇవ్వక తప్పదు అని వాదించేవారున్నారు. నాలుక ఎండిందా, పొత్తికడుపు ఉబ్బిందా, కాళ్ళు వాచాయా అని చూడడానికి ఏ యంత్రమూ అక్కరలేదు. మోకాళ్ళ నొప్పులకు డైక్లోఫెనాక్ వంటి మాత్రలు వాడుతున్నారా అని అడగడానికి ఖర్చూ లేదు. ఆ మాత్రలు మూత్రపిండానికి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి; ఒంట్లో నీరు తగ్గినప్పుడు మరింత ప్రమాదం. ఆ తరువాత క్రియాటినిన్, అల్ట్రాసౌండ్ పరీక్షలకు ఆస్పత్రికి పంపాలి.

సకాలంలో కారణాన్ని తొలగిస్తే దెబ్బతిన్న మూత్రపిండం చాలాసార్లు కోలుకుంటుంది. బిళ్ళతో కాలం గడిపితే ఆ అవకాశం చేజారి, డయాలసిస్ దాకా పోవలసి రావచ్చు. పూటంతా మూత్రం రాకపోతే మందుల దుకాణానికి కాదు, ఆస్పత్రికి వెళ్ళండి.