బెంచీ మీద ఎవరు కూర్చోవాలి?

"అయిదేళ్ల పిల్లకీ మూడేళ్ల పిల్లాడికీ షాంఘై చూపిస్తే ఏం గుర్తుంటుంది? డబ్బు దండగ!"

మా చెల్లీ మరిదీ అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్లు పంపే ఆదివారం ఫొటోలు చూసిన చుట్టాల్లో సగం మంది మాట ఇది. మిగతా సగం ఇంకో మాట అంటున్నారు: "మనవాళ్లు నాలుగు డబ్బులు కళ్లజూస్తే చాలు, దొరల్లా తిరుగుతారు." రెండింటికీ కలిపి జవాబు రాస్తున్నాను. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

ముందు డబ్బు సంగతి. వాళ్ల షికార్లలో ఖరీదైనవి తక్కువ. హువాంగ్‌పు నది దాటించే ఫెర్రీకి టికెట్టు 2 యువాన్లు. అటు ఒడ్డున ఉన్న 468 మీటర్ల ఓరియంటల్ పెర్ల్ టవర్‌ని పిల్లలు పడవలోంచే మెడలు వెనక్కి వంచి చూస్తారు. పైకెక్కితేనే డబ్బులు. సాయంత్రాలు పార్కుల్లో పెద్దవయసు ఆడవాళ్లు పాటలు పెట్టుకుని గుంపుగా డాన్సు చేస్తుంటారు. మా పాప వెళ్లి వెనక వరుసలో చేరిపోతుంది. ఎవరూ పొమ్మనరు. మెట్రోలో 1.3 మీటర్ల లోపు పిల్లలకి, పెద్దవాళ్లు వెంట ఉంటే, టికెట్టే లేదు. చాలాచోట్ల గేటు దగ్గర గోడకి గీత ఉంటుంది, పిల్లని దాని పక్కన నిలబెట్టి చూస్తారు. అక్కడ కొలిచేది ఎత్తు. మీ ఇంటిపేరేంటి, మీరేమిటోళ్లు అని ఎవరూ అడగరు.

గుర్తుండదంటారా? నడక నేర్చుకున్న రోజు మనలో ఎవరికి గుర్తుంది? అందరి చోటులోకి ఎవర్నీ అడక్కుండా నడిచి వెళ్లడం కూడా అలాంటి నేర్పే. చిన్నప్పుడే ఒంటికి అబ్బాలి. మనలో చాలామందికి ముప్పై ఏళ్లొచ్చినా పెద్ద హోటలు గుమ్మం దగ్గర కాళ్లు తడబడతాయి. ఆ తడబాటు మన పిల్లలకి అంటకూడదు.

ఇక దొరల సంగతి. దీన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. ఎందుకంటే మావాళ్లు తరచూ వెళ్లే ఒక పార్కుకి సరిగ్గా దొరల చరిత్రే ఉంది.

బండ్ అనే నది ఒడ్డు వీధికి ఉత్తరపు కొసన హువాంగ్‌పు పార్కు ఉంది. 1868లో తెరిచినప్పుడు దాని పేరు పబ్లిక్ గార్డెన్. పేరుకి పబ్లిక్కే గానీ చైనావాళ్లకి ప్రవేశం లేదు. ఊరు వాళ్లది, నది వాళ్లది, మున్సిపాలిటీకి పన్నులు కట్టేవాళ్లలో వాళ్లూ ఉన్నారు. "కుక్కలకూ చైనీయులకూ ప్రవేశం లేదు" అని బోర్డు ఉండేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. సరిగ్గా ఆ మాటలతో బోర్డు ఉన్నట్టు చరిత్రకారులకి ఆధారం దొరకలేదు. 1917 నాటి నిబంధనల జాబితా మాత్రం దొరికింది. తోట విదేశీయులకే అని ఒక నిబంధన, కుక్కలకీ సైకిళ్లకీ ప్రవేశం లేదని వేరే నిబంధన. నన్ను ఎక్కువ కుదిపింది ఇంకొకటి: పిల్లల్ని తీసుకొచ్చే ఆయాలు, బ్యాండు వాయించే సమయంలో కుర్చీల్లో, బెంచీల మీద కూర్చోకూడదు.

చూశారా! దొరబిడ్డని తీసుకొస్తే చైనా ఆడమనిషికి లోపలికి దారి ఉంది. బిడ్డ కూర్చోవచ్చు, మోసినామె నిలబడాలి. మా అమ్మమ్మ ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరయింది. ఆమె మునిమనవరాలు ఇవాళ అదే తోటలో బెంచీ ఎక్కి గెంతుతోంది. దాన్ని డబ్బు దండగ అని నేననలేను.

ఆ గేటు చైనీయులకి 1928లో తెరుచుకుంది. ఊరికే తెరుచుకోలేదు. 1925 మే 30న అక్కడి విదేశీ పాలకుల పోలీసులు జనం మీద కాల్పులు జరిపారు, నగరం సమ్మెలతో అట్టుడికింది. కాల్చినవాళ్లలో మన దేశం నుంచి వెళ్లిన సిక్కు కానిస్టేబుళ్లూ ఉన్నారు. పరాయి దేశంలో మనవాళ్లు ఎవరి పక్కన నిలబడతారన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

మా చెల్లి ఇంట్లో పనికి ఒకామె వస్తుంది. ఆమెని 'ఆయి' అంటారు. చైనీస్‌లో పిన్ని అని అర్థం. షాంఘైలో ఈ పని చేసేవాళ్లలో అన్‌హుయి పల్లెల నుంచి వచ్చినవాళ్లు చాలామంది. చైనాలో హుకౌ అనే కుటుంబ నమోదు పద్ధతి ఉంది, 1958లో చట్టమైంది. నమోదు పల్లెలో ఉంటే, తల్లి ఏళ్ల తరబడి నగరంలో చాకిరీ చేసినా, పిల్లలకి నగరపు సర్కారు బడిలో సీటు కష్టం. కాలేజీ ప్రవేశ పరీక్షకి చాలామంది సొంత ప్రావిన్సుకి పోవాల్సిందే. అందుకే కోట్లమంది పిల్లలు అమ్మానాన్నలకి దూరంగా, ఊళ్లో నానమ్మల దగ్గర పెరుగుతున్నారు. ఈ ఆయి కొడుకు కూడా అంతే. మన పిల్లల్ని చూసుకునే ఆమెకి తన పిల్లాణ్ణి చూసుకునే వీలు లేదు. పార్కు గేటు తెరుచుకున్నా, బడి గేటు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు.

కాబట్టి మా చెల్లికీ, బయటి దేశాల్లో ఉన్న మనవాళ్లందరికీ నేను చెప్పేది ఇదే. పిల్లల్ని తిప్పండి, బాగా తిప్పండి. బీజింగ్ రాజభవనానికి తీసుకెళ్తే, చక్రవర్తుల కాలంలో మామూలు మనిషిని ఇందులోకి రానిచ్చేవాళ్లు కాదని, 1925లో ఇది మ్యూజియం అయిందని చెప్పండి. ఆయిని వెంట తీసుకెళ్తే ఆమె కూర్చున్నాక మీరు కూర్చోండి. ఆమె కొడుకు పేరు మీ పిల్లలకి తెలియాలి. సెలవలకి వాడు షాంఘై వస్తే, ఆ ఆదివారం ఫెర్రీలో వాడూ ఉండాలి.

పార్కుకి వెళ్లినంత మాత్రాన ఎవరూ దొరలైపోరు. మన బిడ్డని మోసినామెను నిలబెట్టి మనం బెంచీ మీద కూర్చున్న రోజున అవుతాం.