హీటర్‌ని స్మార్ట్ ప్లగ్ చేతిలో పెట్టకండి

యాప్‌లో ‘ఆఫ్’ అని చూపిస్తోంది. గదిలో హీటర్ మాత్రం నడుస్తూనే ఉంది. పోయిన జనవరిలో నాకు జరిగింది ఇదే.

నేను ఉండేది అమెరికాలో, మినియాపోలిస్‌లో. ఇక్కడ జనవరి రాత్రుళ్లు మైనస్ 20 డిగ్రీలకి పడిపోవడం మామూలే. ఇంట్లో చిన్న బెడ్రూమ్‌ని నా పెంపుడు జంతువులకి ఇచ్చేశా. ఒక బాల్ పైథాన్, రెండు క్రెస్టెడ్ గెక్కోలు. గెక్కో అంటే మన గోడ మీద బల్లికి చుట్టమే. వీడియో కాల్‌లో చూపిస్తే మా అమ్మ “బల్లిని డబ్బులిచ్చి కొన్నావా?” అంది.

ఇవి మనలాగా ఒంట్లో వేడి పుట్టించుకోలేవు. చుట్టూ ఎంత వేడి ఉంటే అంతే. పైథాన్‌కి ట్యాంక్‌లో ఒక మూల 31-32 డిగ్రీలు కావాలి, రెండో మూల 25 చాలు. దానికి ట్యాంక్‌లోనే వేరే హీట్ ప్యానెల్, దానికో థర్మోస్టాట్ ఉన్నాయి. గెక్కోలకి మాత్రం గది వేడే ఆధారం. 22 నుంచి 26 మధ్య హాయిగా ఉంటాయి. 29 దాటి గంటల తరబడి ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. అంటే చలి కంటే ఎక్కువ వేడే వీటికి త్వరగా ప్రమాదం.

నేనేం చేశానంటే, 1500 వాట్ల హీటర్ కొని స్మార్ట్ ప్లగ్‌కి తగిలించా. టెంపరేచర్ సెన్సర్‌తో ఆటోమేషన్ రాశా. 23కి తగ్గితే ఆన్, 25 దాటితే ఆఫ్. రెండు నెలలు బ్రహ్మాండంగా పనిచేసింది. ఒక శనివారం ఫ్రెండ్ ఇంటికి వెళ్లి అర్ధరాత్రి తిరిగొస్తే గది 34 డిగ్రీలు. పైథాన్ నీళ్ల గిన్నెలో చుట్టుకుని పడుకుంది, అది బతికింది. గెక్కోల్లో ఒకటి రెండు రోజులకి చనిపోయింది.

ప్లగ్ కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు సగం నాదే. 1500 వాట్లని 120 వోల్టులతో భాగిస్తే 12.5 ఆంపియర్లు. ప్లగ్ వెనక చిన్న అక్షరాల్లో 10 ఆంపియర్లు అని ఉంది. నేను చదవలేదు. రోజుకి పదుల సార్లు అంత లోడ్‌ని ఆన్-ఆఫ్ చేసి చేసి లోపలి రిలే కాంటాక్ట్‌లు అతుక్కుపోయాయి. యాప్ ‘ఆఫ్’ అంటే ఆఫ్ కమాండ్ వెళ్లిందని మాత్రమే, కరెంట్ ఆగిందని కాదు.

ఆఫీసులో ఎవరైనా సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్‌తో డిజైన్ తెస్తే రివ్యూలో నేనే ఆపేస్తా. ఇంట్లో సరిగ్గా అదే కట్టుకుని కూర్చున్నా.

హీటర్‌లో ‘ఓవర్‌హీట్ ప్రొటెక్షన్’ ఉంది కదా అంటారేమో. అది కాపాడేది హీటర్‌ని, గదిని కాదు. హీటర్ లోపల ప్రమాదకరంగా వేడెక్కితే ఆగుతుంది. గది 34 అయినా దానికి ఏ ఇబ్బందీ లేదు.

మన ఇళ్లలో గీజర్ చూడండి. లోపల థర్మోస్టాట్ ఉంటుంది, దానికి తోడు థర్మల్ కటౌట్ కూడా ఉంటుంది. మొదటిది పాడై నీళ్లు మరీ మరిగిపోతుంటే రెండోది కరెంట్ కట్ చేస్తుంది. ఏ వైఫై లేని పాత గీజర్‌కి ఉన్న తెలివి నా ‘స్మార్ట్’ గదికి లేదు.

ఇప్పుడు నా సెటప్ ఇది.

మొదటిది, తక్కువ వాట్లు. సెంట్రల్ హీటింగ్ ఇల్లంతా 20 దగ్గర ఉంచుతుంది. నాకు కావాల్సింది ఇంకో నాలుగు డిగ్రీలే. అందుకే ఆయిల్ నింపిన రేడియేటర్ హీటర్ కొని 700 వాట్ల మీద పెట్టా. జంతువుల్ని పక్క గదిలోకి మార్చి, మైనస్ 15 ఉన్న రాత్రి ఆపకుండా నడిపి చూశా. గది 27 దగ్గర ఆగిపోయింది. అంటే ఆ చలిలో హీటర్ ఇరుక్కుపోయినా ఎవరూ చావరు. చలి తగ్గాక ఈ లెక్క మారుతుంది, అందుకే మార్చిలో మళ్లీ టెస్ట్ చేయాలి.

రెండోది, నాబ్ ఉన్న హీటర్. రోజువారీ కంట్రోల్ దాని సొంత నాబ్ థర్మోస్టాట్‌దే. టచ్ బటన్ల మోడల్స్ చాలావరకు కరెంట్ పోయి వస్తే ఆఫ్‌లోనే ఉండిపోతాయి. చలి రాత్రి అది ఇంకో ప్రమాదం.

మూడోది, విడిగా ఒక కటాఫ్ థర్మోస్టాట్, 28 మీద. దాని ప్రోబ్‌ని గెక్కోల ట్యాంక్ ఎత్తులో గోడకి క్లిప్‌తో బిగించా. ప్రోబ్ జారి చల్లటి నేల మీద పడితే గది ఎంత వేడెక్కినా దానికి తెలియదు. ఇక్కడా రేటింగ్ చూడండి. చాలామంది కొనే ఇంక్‌బర్డ్ ఐటీసీ-308కి 110 వోల్టుల దగ్గర పరిమితి 1100 వాట్లే. 1500 వాట్ల హీటర్‌కి అది సరిపోదు.

ఒక మాట ఒప్పుకోవాలి. హీటర్‌ని నేరుగా గోడ సాకెట్‌కే పెట్టమని మాన్యువల్స్ చెబుతాయి. మధ్యలో కటాఫ్ పెట్టడం దానికి విరుద్ధమే. నాది అద్దె ఇల్లు కాబట్టి, లోడ్ రేటింగ్‌లో సగం దగ్గర ఉండేలా చూసుకుని ఆ రాజీ పడ్డా. సొంతిల్లు ఉన్నవాళ్లు ఎలక్ట్రీషియన్‌తో గోడ హీటర్, గోడ థర్మోస్టాట్ వైరింగ్ చేయించుకోవడమే మంచిది. ఎక్స్‌టెన్షన్ బాక్స్ మాత్రం ఎవరికీ వద్దు. హీటర్ చుట్టూ మూడడుగుల ఖాళీ, గదిలో స్మోక్ అలారం తప్పనిసరి.

మరి స్మార్ట్ గ్యాడ్జెట్స్ ఎందుకు? చూడటానికి, చెప్పడానికి. వైఫై సెన్సర్ 27 దాటినా 21కి తగ్గినా ఫోన్ మోగిస్తుంది. ఆ పనిలో దాన్ని మించింది లేదు. స్విచ్ మాత్రం దాని చేతిలో లేదు.

పాములు, బల్లులు లేని మీకు కూడా ఇది వర్తిస్తుంది. హైదరాబాద్‌లో 2000 వాట్ల రూమ్ హీటర్ లేదా గీజర్ 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల సాకెట్‌కి అది ఎక్కువ, 10 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్‌కి అంచు మీద బతుకు. 16 ఆంపియర్లదే తీసుకోండి. అప్పుడు కూడా గీజర్ లోపలి థర్మోస్టాట్‌నే నమ్మండి, యాప్‌ని కాదు.

రివ్యూల్లో మనం యాప్ డిజైన్‌కి, వాయిస్ అసిస్టెంట్ సపోర్ట్‌కి మార్కులు వేస్తాం. వేడి పుట్టించే దేనికైనా నేను ఇకమీదట మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది ‘ఆన్’లో ఇరుక్కుపోతే, ఆపేది ఎవరు?