నమూనా కారు

అంబాసిడరు కారును మీలో ఎందరు చూచితిరో నేనెరుగను. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో తయారగుచుండిన ఆ కారు ఉత్పత్తి 2014లో నిలిచిపోయినది. విశాఖపట్టణమున మా వీథిలో ఒక పాత టాక్సీ మిగిలియున్నది. దానిని త్వరలో తుక్కునకు అమ్మివేయుదురట. అందుచే నేనును మా మనుమడును అంకుడు కొయ్యతో దాని నమూనాను చేయ మొదలిడితిమి.

ఏటికొప్పాక లక్కబొమ్మలు చేయునది ఈ కొయ్యతోనే. మెత్తనిది, సన్నని పనికి లొంగును. చక్రములను మాత్రము తరిమెన పట్టించితిమి. కారు పొడవు సుమారు 432 సెంటీమీటర్లు. అందులో ఇరువదినాలుగవ వంతు 18 సెంటీమీటర్లు. తలుపులు, కిటికీలు, దీపములు అన్నియు ఆ లెక్కనే తగ్గవలెను. దీపములు కొంచెము పెద్దవైనచో అది కారు కాదు, కప్ప యగును!

తలుపు మీది సొట్టను, ఉప్పుగాలికి పట్టిన త్రుప్పును విడిచి, నిగనిగలాడు రంగు వేయుదమని మనుమడు కోరెను. నేనొప్పుకొనలేదు. నమూనా చేయువాడు తాను చూచినదానినే చూపవలెనని నా మతము. కొత్త కారు బొమ్మ ఏ అంగడిలోనైనను దొరకును. ఈ టాక్సీ రేవునకును రైల్వేస్టేషనుకును తిరిగి తిరిగి ముసలిదైనది. ఆ సొట్ట లేనిచో దీనిని మా వీథివారే గుర్తింపజాలరు.

వాడు రెండు దినములు అలిగెను. మూడవనాడు కొలబద్ద తీసికొని సొట్ట వెడల్పు కొలువబోయెను.