మిలిటరీ హెలికాప్టర్ పైలట్ అవ్వాలా? ఫారం కంటే ముందు చూడాల్సింది క్యాలెండర్

పటమట, విజయవాడ: 2024 సెప్టెంబర్ మొదటి వారం బెజవాడ వాళ్లెవరూ మర్చిపోరు. బుడమేరు పొంగింది. సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీ నీళ్లలో చిక్కుకున్నాయి. ఇంకోపక్క ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. బోట్లు వెళ్లలేని చోట ఎయిర్‌ఫోర్స్, నేవీ హెలికాప్టర్లు వచ్చి మేడల మీదున్న జనానికి ఫుడ్ ప్యాకెట్లు, మంచినీళ్లు జారవిడిచాయి. ఆ వీడియోలు చూడని ఫోన్ లేదు.

ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. బుడమేరు ముంచెత్తిన సెప్టెంబర్ 1, ఆదివారం రోజే దేశమంతా యూపీఎస్సీ ఎన్‌డీఏ పరీక్ష జరిగింది. అంటే అలాంటి హెలికాప్టర్ సీట్లోకి తీసుకెళ్లే పరీక్షల్లో ఒకటి. మన ఊరి మీద హెలికాప్టర్ తిరుగుతుంటే వీడియో తీసిన పిల్లల్లో, అది నడపడానికి పరీక్ష ఉంటుందని తెలిసినవాళ్లు ఎంతమంది?

బెంజ్ సర్కిల్ నుంచి పటమట మీదుగా ఆటోనగర్ వైపు వెళ్తే కనిపించేవి ర్యాంకుల హోర్డింగులే. జేఈఈ, నీట్, ఎంసెట్. లెక్కల్లో, ఫిజిక్స్‌లో మన పిల్లలకు తిరుగులేదు. మరి తేడా ఎక్కడ వస్తోంది? సిలబస్‌లో కాదు, తేదీల్లో.

ఆ పేరుతో ఫారమే లేదు

ముందు ఒక అపోహ పోవాలి. ‘హెలికాప్టర్ పైలట్’ అనే పోస్టుకి విడిగా నోటిఫికేషన్ రాదు. ఎయిర్‌ఫోర్స్‌లో అయితే మీరు అప్లై చేసేది ఫ్లయింగ్ బ్రాంచ్‌కి. సెలెక్ట్ అయ్యాక, ట్రైనింగ్‌లో మీరు విమానం నడిపే తీరు, మీ ఇష్టం, ఫోర్స్ అవసరం చూసి ఫైటర్, ట్రాన్స్‌పోర్ట్, హెలికాప్టర్ అని విడదీస్తారు. ‘నాకు హెలికాప్టరే కావాలి’ అని ఫారంలో టిక్ పెట్టే గడి ఉండదు.

ఆర్మీ దారి వేరు. అక్కడ ముందు ఆర్మీ ఆఫీసర్ కావాలి. తర్వాత పైలట్ టెస్టు, మెడికల్ పాసై ఆర్మీ ఏవియేషన్ కోర్‌లోకి వెళ్లాలి. ట్రైనింగ్ నాసిక్‌లో. నేవీలో పైలట్ ఎంట్రీ ఉంది, హెలికాప్టర్ శిక్షణ తమిళనాడు అరక్కోణంలోని ఐఎన్‌ఎస్ రాజాలిలో. మన విశాఖలోని ఐఎన్‌ఎస్ డేగాలో ఉండేది ఈ నేవీ హెలికాప్టర్లే.

అమ్మాయిలకు కూడా ఈ దారులు తెరిచే ఉన్నాయి. ఆపరేషన్ సిందూర్ టైంలో టీవీలో బ్రీఫింగ్ ఇచ్చిన వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్ హెలికాప్టర్ పైలటే. 2022 మేలో అభిలాషా బరాక్ ఆర్మీ ఏవియేషన్‌లో తొలి మహిళా కాంబాట్ పైలట్ అయ్యారు. ఎన్‌డీఏ తలుపులు అమ్మాయిలకు 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో తెరుచుకున్నాయి. వాళ్ల తొలి బ్యాచ్ 2025 మే 30న పాసవుట్ అయింది.

ఎవరికి ఏ దారి?

ఇంటర్‌తో వెళ్లేది ఎన్‌డీఏ. కోర్సు మొదలయ్యే నాటికి వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర మధ్య ఉండాలి. పెళ్లి కాకూడదు. ఎయిర్‌ఫోర్స్, నేవీ కోరుకుంటే ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ తప్పనిసరి. సెకండియర్ చదువుతూ కూడా రాయొచ్చు. మ్యాథ్స్ 300 మార్కులు, జనరల్ ఎబిలిటీ 600, ఆ తర్వాత ఇంటర్వ్యూ 900. ఫీజు 100 రూపాయలు. అమ్మాయిలకు, ఎస్సీ, ఎస్టీలకు అదీ లేదు. ఇటీవలి నోటిఫికేషన్లలో ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ సీట్లు ఒక్కో కోర్సుకి 92.

డిగ్రీ, బీటెక్ వాళ్లకు ఏఎఫ్‌క్యాట్. వయసు 20 నుంచి 24. కమర్షియల్ పైలట్ లైసెన్స్ ఉంటే 26 వరకు. డిగ్రీ ఏదైనా 60 శాతం ఉండాలి, ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ చదివి ఉండాలి. ఇవి కాకుండా సీడీఎస్ ఉంది. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ‘సి’ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు స్పెషల్ ఎంట్రీ ఉంది.

ఇక్కడే మొదటి తలుపు మూసుకునేది. టెన్త్ అయ్యాక బైపీసీ తీసుకుంటే ఫ్లయింగ్ బ్రాంచ్ ఆశ దాదాపు అక్కడితో ఆగిపోతుంది. పదిహేనేళ్ల వయసులో తీసుకున్న గ్రూపు ఇరవై నాలుగేళ్ల దాకా వెంటాడుతుంది.

లాంగ్‌టర్మ్ లెక్క

ఇప్పుడు అసలు క్యాలెండర్‌కి వద్దాం. ఎన్‌డీఏ ఏడాదికి రెండుసార్లు. 2024, 2025లో రెండేళ్లూ ఏప్రిల్‌లో ఒకటి, సెప్టెంబర్‌లో ఒకటి జరిగాయి.

ఒక అబ్బాయి పదిహేడేళ్లకు ఇంటర్ పూర్తి చేశాడనుకుందాం. సెకండియర్ చివర్లో ఏప్రిల్ పరీక్ష ఒకటి. అదే ఏడాది సెప్టెంబర్‌లో రెండోది. మరుసటి ఏడాది ఏప్రిల్, సెప్టెంబర్‌లో ఇంకో రెండు. పుట్టిన తేదీని బట్టి అటూ ఇటూ అయినా, మొత్తం మీద చేతిలో ఉండేవి నాలుగు ఛాన్సులు.

మన దగ్గర జరిగేదేంటి? మొదటి ఏప్రిల్‌లో జేఈఈ, ఎంసెట్ హడావుడి, ఎన్‌డీఏ గుర్తుండదు. ర్యాంకు రాలేదని లాంగ్‌టర్మ్‌లో చేరితే తర్వాతి సెప్టెంబర్, ఆ పై ఏప్రిల్ కూడా హాస్టల్ గదిలోనే గడిచిపోతాయి. మిగిలింది ఒక్కటి. ఆ ఒక్కదానికి ప్రిపరేషన్ ఏ పాటిది?

ఎన్‌డీఏ మ్యాథ్స్‌కి పునాది మన ఇంటర్ సిలబస్సే. జేఈఈకి చదివే పిల్లాడికి ఆ పేపర్ కొత్తేమీ కాదు. కష్టం వచ్చేది ఇంగ్లిష్, జీకే దగ్గర. పేపర్ ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది, తెలుగులో ఉండదు. ఏఎఫ్‌క్యాట్ అయితే పూర్తిగా ఇంగ్లిషే. రాత పరీక్ష దాటాక ఐదు రోజుల సెలెక్షన్ బోర్డు. ఎయిర్‌ఫోర్స్‌కి మనకు దగ్గర్లో ఉన్నది మైసూరు. గ్రూప్ డిస్కషన్, మైదానంలో టాస్కులు, ఇంటర్వ్యూ. పొద్దున నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్‌లో కూర్చున్న పిల్లాడు పదిమంది ముందు నోరు తెరవడం అక్కడే మొదటిసారి అయితే కష్టమే.

ఒక్కసారే రాసే టెస్ట్

అందరూ తెలుసుకోవాల్సిన పాయింట్ ఇది. సెలెక్షన్ బోర్డులో రికమెండ్ కాకపోతే మళ్లీ వెళ్లొచ్చు. కానీ ఫ్లయింగ్ బ్రాంచ్ అభ్యర్థులకు సీపీఎస్‌ఎస్ అనే కంప్యూటర్ టెస్ట్ ఉంటుంది. డయల్స్ చూసి విమానం ఎలా ఉందో చెప్పడం, చేతులు, కాళ్లు, కళ్లు కలిపి వాడుతూ స్క్రీన్ మీద టార్గెట్‌ని కంట్రోల్ చేయడం లాంటివి చేయిస్తారు. ఇది జీవితంలో ఒక్కసారే. ఫెయిలైతే ఎన్‌డీఏ, సీడీఎస్, ఏఎఫ్‌క్యాట్ ఏ దారిలో వచ్చినా మళ్లీ ఎయిర్‌ఫోర్స్ పైలట్ అయ్యే వీలు లేదు. ఆ తర్వాత గ్రౌండ్ డ్యూటీ బ్రాంచ్‌లకు ప్రయత్నించుకోవాల్సిందే.

మన చదువులన్నీ మాక్ టెస్టుల మీద నడుస్తాయి. వీకెండ్ టెస్ట్, గ్రాండ్ టెస్ట్, సప్లిమెంటరీ, లాంగ్‌టర్మ్. ‘ఈసారి పోతే మళ్లీ రాద్దాం’ అనేది అలవాటైపోయింది. ఈ టెస్ట్‌కి ‘మళ్లీ’ లేదు. రాత్రంతా రైల్లో నిద్ర లేకుండా వెళ్లి, ‘ఒక ట్రయల్ వేద్దాం’ అనుకుని కూర్చుంటే పోయేది ఒక అటెంప్ట్ కాదు, ఆ కలే.

కళ్లు, కాళ్లు కూడా సిలబస్సే

ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు. కాళ్ల పొడవు, కూర్చున్నప్పుడు ఎత్తు కూడా కొలుస్తారు, కాక్‌పిట్‌లో పట్టాలి కాబట్టి. ఒక కంట్లో 6/6, ఇంకో కంట్లో 6/9 చూపు కావాలి. దూరపు చూపు తగ్గి మైనస్ పవర్ వచ్చిందంటే ఫ్లయింగ్‌కి అదే పెద్ద అడ్డంకి. రంగులు గుర్తించడంలో లోపం అసలు ఉండకూడదు.

వీటిలో చాలావరకు ముందే తెలుసుకోవచ్చు. టెన్త్ సెలవుల్లో కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లి చూపు, కలర్ విజన్ చెక్ చేయిస్తే గంట పని. రెండేళ్లు ప్రిపేరై, ఇంటర్వ్యూ దాటి, మెడికల్‌లో ఈ సంగతి తెలిస్తే ఆ బాధ వేరు. ఈ వార్త కూడా మీరు ఫోన్లోనే చదువుతున్నారు. కాస్త దూరంగా పెట్టి చదవండి.

ట్రైనింగ్ మన పక్క ఊళ్లోనే

విచిత్రం ఏంటంటే, దేశం నలుమూలల నుంచి పిల్లలు ఈ ట్రైనింగ్ కోసం వచ్చేది హైదరాబాద్‌కే. ఎయిర్‌ఫోర్స్ అకాడమీ దుండిగల్‌లో ఉంది. హెలికాప్టర్ స్ట్రీమ్ వాళ్లు తర్వాత వెళ్లేది హకీంపేటలోని హెలికాప్టర్ ట్రైనింగ్ స్కూల్‌కి. అక్కడ నేర్చుకునేది చేతక్ మీద. చేతక్ సేవలకు అరవై ఏళ్లు నిండిన వేడుక 2022 ఏప్రిల్‌లో జరిగింది కూడా హకీంపేటలోనే. బెజవాడ నుంచి ఒక రాత్రి బస్సు దూరం. ఈ ట్రైనింగ్‌కి ఫీజు ఉండదు. పైగా చివరి ఏడాది ట్రైనింగ్‌లో నెలకు 56,100 రూపాయల స్టైపెండ్ ఇస్తారు. బయట పైలట్ లైసెన్స్‌కి లక్షలకు లక్షలు పోయాల్సిన చోట ఇది చిన్న విషయం కాదు.

అమ్మానాన్నల భయం తప్పేం కాదు

ఇదంతా చెప్పి ప్రమాదం గురించి చెప్పకపోతే సగం వార్తే అవుతుంది. 2023 మార్చి 16న అరుణాచల్‌లోని మండాలా దగ్గర ఆర్మీ చీతా హెలికాప్టర్ కూలింది. చనిపోయిన ఇద్దరు పైలట్లలో లెఫ్టినెంట్ కల్నల్ వినయ్ భానురెడ్డి మన తెలుగువారే. సొంతూరు యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం. చేతక్, చీతా ఒకే ఇంజిన్ ఉన్న పాత డిజైన్లు. వాటి బదులు కొత్తవి తేవాలన్న మాట ఏళ్లుగా నడుస్తోంది. 2025 జనవరిలో పోర్‌బందర్‌లో కోస్ట్‌గార్డ్ ధ్రువ్ కూలి ముగ్గురు చనిపోయాక, ధ్రువ్‌లను నెలల తరబడి నేల మీదే ఉంచేశారు. మరోపక్క 2025 మార్చిలో 156 ప్రచండ్ హెలికాప్టర్లకు కేంద్రం 62,700 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. అవి దాడి చేసే రకం. మంచుకొండల్లో సరుకులు మోసే పాత చీతాలకు అవి ప్రత్యామ్నాయం కావు.

ఉద్యోగ భద్రత సంగతీ చూడాలి. ఎన్‌డీఏ నుంచి వెళ్తే పర్మనెంట్ కమిషన్. ఏఎఫ్‌క్యాట్ ద్వారా ఫ్లయింగ్‌కి వెళ్తే 14 ఏళ్ల షార్ట్ సర్వీస్, పెన్షన్ ఉండదు. ముప్పై ఎనిమిది ఏళ్ల వయసుకి బయటికొచ్చి ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి. ఇంటర్‌లోనే మేలుకోవాలని అనడానికి ఇదీ ఒక కారణం.

కాబట్టి ఇంట్లో ‘వద్దు’ అంటే అది పిరికితనం కాదు. కాకపోతే వద్దనుకున్నా, కావాలనుకున్నా అన్నీ తెలిసి అనుకోవాలి. తెలియక తేదీ దాటిపోవడం మాత్రం ఎవరి నిర్ణయమూ కాదు.

ఇప్పుడేం చేయాలి?

టెన్త్‌లో ఉంటే గ్రూపు తీసుకునే ముందు కళ్లు చెక్ చేయించుకోండి. ఇంటర్‌లో ఉంటే పుట్టిన తేదీ పక్కన ఎన్ని ఎన్‌డీఏ పరీక్షలు మిగిలాయో లెక్క రాసుకోండి. బీటెక్‌లో ఉంటే 24 ఏళ్లు ఎప్పుడు నిండుతాయో చూసుకోండి, కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే చేరండి. నోటిఫికేషన్ వచ్చినప్పుడు యూపీఎస్సీ, ఎయిర్‌ఫోర్స్ అధికారిక సైట్లలోనే చదవండి, నియమాలు కొద్దికొద్దిగా మారుతుంటాయి. ‘సీటు ఇప్పిస్తాం’ అని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మొద్దు. ఇందులో మేనేజ్‌మెంట్ కోటా లేదు.

మళ్లీ ఎప్పుడైనా కృష్ణమ్మ పొంగితే హెలికాప్టర్లు వస్తాయి. ఆ సీట్లో పటమట పిల్లో, పిల్లాడో ఉంటారా లేదా అన్నది ఇంటర్ రెండేళ్లలో తేలిపోయే విషయం.