నోరు విప్పితే వెలి.. దావూదీ బోహ్రాల్లో ప్రశ్నించే గొంతుకు రక్షణ ఎంత?

సొంత మత పెద్దను లెక్క అడిగితే ఏమవుతుంది? జైల్లో ఎవరూ పెట్టరు. కానీ పెళ్లికి పిలుపు రాదు. అన్నదమ్ములు కూడా పలకరించడానికి భయపడతారు. రోజూ షాపుకు వచ్చే సొంతవాళ్లు పక్క షాపుకు వెళ్లిపోతారు. కన్నుమూస్తే సొంత ఖబరస్తాన్‌లో ఆరడుగుల నేల దొరుకుతుందన్న గ్యారంటీ కూడా ఉండదు. మన ఊళ్లలో దీన్ని వెలి అంటారు. దావూదీ బోహ్రాల్లో దీని పేరు 'బరాఅత్'.

మత పెద్దకు ఇలా వెలివేసే హక్కు ఉందా? ఈ ప్రశ్నపై సుప్రీంకోర్టు ఒకసారి తీర్పు ఇచ్చింది. అది 1962లో. ఆ తీర్పును మళ్లీ పరిశీలించాలంటూ 1986లో పిటిషన్ దాఖలైంది. దశాబ్దాలు గడిచాక, 2023 ఫిబ్రవరిలో ఆ వ్యవహారాన్ని తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనానికి నివేదించారు. ఇది పది లక్షల మంది ఉన్న ఒక చిన్న కమ్యూనిటీ గొడవలా కనిపించొచ్చు. కానీ ఇందులో తేలాల్సిన విషయం అందరిదీ. మత స్వేచ్ఛ అంటే మతాన్ని నడిపేవాళ్ల స్వేచ్ఛా? అందులో ఉంటూనే ప్రశ్నించే మనిషి స్వేచ్ఛా?

ఎవరీ బోహ్రాలు?

దావూదీ బోహ్రాలు షియా ఇస్లాంలోని ఇస్మాయిలీ శాఖకు చెందినవారు. మూలాలు గుజరాత్‌లో. ఎక్కువగా వ్యాపారులు. ముంబై, సూరత్, ఉదయ్‌పూర్, ఇండోర్‌తో పాటు మన హైదరాబాద్, సికింద్రాబాద్‌లలోనూ ఉన్నారు. తెల్లటి దుస్తులు, బంగారు అంచు టోపీతో మగవాళ్లు, రంగురంగుల 'రిదా'తో మహిళలు ఇట్టే గుర్తుపట్టేలా ఉంటారు. చదువులో, వ్యాపారంలో ముందుంటారన్న పేరుంది.

వీరి అధినేతను 'దాయీ' అంటారు. సయ్యద్నా అని గౌరవంగా పిలుస్తారు. యుక్తవయసు రాగానే ప్రతి ఒక్కరూ 'మీసాక్' అనే ప్రమాణం చేయాలి. దాయీకి విధేయంగా ఉంటామన్నది అందులో కీలకం. అంటే ఇక్కడ ప్రశ్నించడం అంటే ఒక నిర్ణయంతో విభేదించడం మాత్రమే కాదు. ఇచ్చిన మాట తప్పినట్టు లెక్క. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

1962లో ఏం జరిగింది?

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే, 1949లో అప్పటి బొంబాయి ప్రభుత్వం వెలిని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. దాన్ని 51వ దాయీ సయ్యద్నా తాహెర్ సైఫుద్దీన్ సుప్రీంకోర్టులో సవాల్ చేశారు. మతాన్ని కాపాడుకోవాలంటే కట్టు తప్పినవారిని బయటకు పంపే అధికారం ఉండాల్సిందేనన్నది ఆయన వాదన. మత వ్యవహారాలను సొంతంగా నిర్వహించుకునే హక్కును ఇచ్చే ఆర్టికల్ 26ను చూపించారు.

1962 జనవరిలో 4-1 మెజారిటీతో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. విభేదించిన ఆ ఒక్కరూ అప్పటి చీఫ్ జస్టిస్ బీపీ సిన్హానే. వెలివేతకు గురైన మనిషి తన సమాజంలోనే అంటరానివాడిగా మారిపోతాడని, దాన్ని ఆపే చట్టం ఆర్టికల్ 17 స్ఫూర్తికి తగినదేనని ఆయన అభిప్రాయపడ్డారు. అరవై ఏళ్ల తర్వాత మళ్లీ చర్చంతా ఆ మైనారిటీ అభిప్రాయం చుట్టూనే తిరుగుతోంది.

ఉదయ్‌పూర్ నుంచి మొదలైన తిరుగుబాటు

తీర్పు వచ్చింది. ప్రశ్నలు మాత్రం ఆగలేదు. 1970ల మొదట్లో రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్‌లో బోహ్రా యువకులు ఎదురు తిరిగారు. వాళ్లు మతాన్ని కాదనలేదు. దాయీని కాదనలేదు. మేం కట్టే డబ్బుకు లెక్కలు చెప్పండి, మత విషయాలు కాని వాటిలో మా నిర్ణయాలు మమ్మల్ని తీసుకోనివ్వండి అన్నారు. అంతే, ఊరు రెండుగా చీలింది. ఒకే ఇంట్లో తండ్రి ఒకవైపు, కొడుకు ఇంకోవైపు అయ్యారు.

ఈ ఉద్యమానికి దేశవ్యాప్తంగా గొంతుకగా నిలిచింది అస్గర్ అలీ ఇంజనీర్. ఆయనేమీ బయటివాడు కాదు. తండ్రి బోహ్రా మత గురువు. అరబిక్, ఖురాన్ వ్యాఖ్యానం ఇంట్లోనే నేర్చుకున్నారు. తర్వాత సివిల్ ఇంజనీరింగ్ చదివి బొంబాయి మున్సిపల్ కార్పొరేషన్‌లో పనిచేశారు. సంస్కరణల కోసం మాట్లాడినందుకు కమ్యూనిటీకి దూరమయ్యారు. ఆయనపై పలుమార్లు దాడులు జరిగాయి. 2004లో ప్రత్యామ్నాయ నోబెల్‌గా చెప్పే రైట్ లైవ్‌లీహుడ్ అవార్డు స్వామి అగ్నివేశ్‌తో కలిసి ఆయనకు దక్కింది. 2013లో మరణించేవరకు తాను విశ్వాసం ఉన్న ముస్లింనేనని చెబుతూ వచ్చారు.

ఈ ఆరోపణలపై జయప్రకాశ్ నారాయణ్ స్థాపించిన 'సిటిజన్స్ ఫర్ డెమోక్రసీ' 1977లో జస్టిస్ నత్వానీ నేతృత్వంలో ఒక కమిషన్ వేసింది. మత నాయకత్వం దాన్ని వ్యతిరేకించింది. అసమ్మతి తెలిపినవారు వేధింపులు, బహిష్కరణ ఎదుర్కొంటున్న మాట నిజమేనని 1979లో కమిషన్ రిపోర్టు ఇచ్చింది. కానీ అది ప్రభుత్వం వేసిన కమిషన్ కాదు. దాంతో రిపోర్టు కాగితాలకే పరిమితమైంది.

మరి ఎందుకు మాట్లాడరు?

నచ్చకపోతే బయటకు వచ్చేయొచ్చు కదా? బయట ఉన్నవాళ్లు తేలిగ్గా అడిగే ప్రశ్న ఇది. లోపల ఉన్నవాళ్లకు అది అంత ఈజీ కాదు.

ఈ కమ్యూనిటీ తన మనుషులను బాగా చూసుకుంటుంది. వడ్డీ లేని అప్పులు ఇస్తుంది. కమ్యూనిటీ కిచెన్ నుంచి ఇళ్లకు భోజనం వెళ్తుంది. స్కూళ్లు, హాస్పిటళ్లు ఉన్నాయి. ముంబైలోని భెండీ బజార్‌లో పాత బిల్డింగుల స్థానంలో కొత్తవి కట్టే భారీ ప్రాజెక్టును నడిపిస్తున్నదీ కమ్యూనిటీ ట్రస్టే. చాలామంది బోహ్రాలకు ఇది నిజంగా గర్వకారణం. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు.

కాకపోతే, పుట్టుక నుంచి చావు వరకు అన్నీ ఒకే చోట దొరుకుతున్నప్పుడు, ఆ ఒక్క చోటు దూరమైతే అన్నీ పోతాయి. అప్పు, వ్యాపారం, పిల్లల పెళ్లిళ్లు, చివరికి మోసే నలుగురు కూడా. అందుకే వెలి అనే మాట బయటకు అనకపోయినా ఆ భయం పని చేస్తూనే ఉంటుంది. ఒకరికి పడిన శిక్ష వందమంది నోళ్లు మూయించగలదు.

మారుపేరుతో మొదలై..

మహిళల విషయంలో ఇది మరీ స్పష్టంగా కనిపించింది. ఆడపిల్లలకు చిన్న వయసులో చేసే 'ఖఫ్జ్' అనే సున్తీ ఆచారాన్ని ఆపాలంటూ 2011లో ఒక బోహ్రా మహిళ ఆన్‌లైన్ పిటిషన్ పెట్టారు. అసలు పేరుతో కాదు, మారుపేరుతో. నాలుగైదేళ్లు గడిచేసరికి పలువురు మహిళలు సొంత పేర్లతో, ముఖాలు చూపిస్తూ తమ అనుభవాలు చెప్పారు. 2017లో ఇది సుప్రీంకోర్టుకు చేరింది. అటువైపు, ఇది తమ మత హక్కు అంటూ బోహ్రా మహిళల సంఘం ఒకటి కూడా కోర్టుకు వెళ్లింది. అంటే ఆ ఆచారంపై మహిళల్లోనే రెండు మాటలున్నాయి. సమస్య రెండు మాటలు ఉండటం కాదు. ఒక మాట చెప్పడానికి మారుపేరు అవసరం కావడం.

చట్టం ఉంటే సరిపోతుందా?

సాంఘిక బహిష్కరణను నేరంగా చేస్తూ మహారాష్ట్ర 2016లో చట్టం చేసింది. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఆ చట్టం వచ్చాక పాత కేసుతో ఇక పనేముందన్న వాదన కూడా సుప్రీంకోర్టులో వినిపించింది. కానీ అది ఒక రాష్ట్ర చట్టం. బోహ్రాలు గుజరాత్‌లో, రాజస్థాన్‌లో, తెలంగాణలో కూడా ఉన్నారు. పైగా 1962 తీర్పు అలాగే ఉన్నంతవరకు అలాంటి ఏ చట్టానికైనా సవాల్ ఎదురుకావొచ్చు.

తెలుగువాళ్లకు ఇది కొత్త కథేమీ కాదు. నిజామాబాద్ లాంటి జిల్లాల్లో గ్రామాభివృద్ధి కమిటీలు ఫలానా కుటుంబంతో మాట్లాడొద్దు, మాట్లాడితే జరిమానా అని హుకుం జారీ చేసిన వార్తలు తరచూ చూస్తూనే ఉంటాం. అక్కడ మతం లేదు, దాయీ లేడు. అయినా ఆయుధం ఒకటే. ఒక మనిషిని కొట్టకుండానే ఒంటరిని చేయడం.

ఒక మతానికి తన నియమాలు తాను పెట్టుకునే హక్కు ఉంది. ఆ నియమాలు నచ్చనివారికి పూజలో, ప్రార్థనలో చోటు ఇవ్వాలా వద్దా అన్నది వాళ్లు తేల్చుకోవచ్చు. కానీ తల్లి కొడుకుతో మాట్లాడొద్దని, వ్యాపారం చేయొద్దని, శవానికి చోటు ఇవ్వొద్దని చెప్పడం మత వ్యవహారం కిందకు వస్తుందా? తొమ్మిది మంది జడ్జిల ముందున్న చిక్కుముడి ఇదే. ఆ గీత ఎక్కడ గీస్తారన్న దానిపైనే, 1986లో కోర్టు మెట్లెక్కినవారి మనవలు సొంత పేరుతో ప్రశ్న అడగగలరా లేదా అన్నది ఆధారపడి ఉంటుంది.