తూర్పు గుమ్మం సరే, హీటింగ్ సంగతేంటి?

అమెరికాలో కొత్త ఇల్లు బుక్ చేసే మనవాళ్ళని గమనించారా? ఈస్ట్ ఫేసింగ్ లాట్ అంటే ఎక్స్‌ట్రా కట్టడానికి వెనకాడరు. గ్రానైటా, క్వార్ట్జా అని రెండు వీకెండ్లు తిరుగుతారు. అది వాళ్ళ ఇష్టం, తప్పు పట్టను. కానీ రాబోయే పదిహేనేళ్ళు నెలనెలా బిల్లు పంపించే మెషీన్ గురించి బిల్డర్‌ని ఒక్క ప్రశ్న కూడా అడగరు. "ఏముందండీ, ఏసీ, గ్యాస్ ఫర్నేసు... అందరికీ ఉన్నదే మనకీ" అంటారు. నన్నడిగితే కొత్త ఇంటికి ముందు చూడాల్సింది హీట్ పంపు.

ఇదేమీ బ్రహ్మపదార్థం కాదు. ఏసీ ఇంట్లో వేడిని తోడి బయట పారబోస్తుంది. చలికాలంలో అదే పనిని తిరగేస్తే బయటి వేడిని తోడి ఇంట్లో పోస్తుంది. లోపల ఒక రివర్సింగ్ వాల్వు, కాస్త కంట్రోల్స్, అదే ముఖ్యమైన తేడా. "గడ్డకట్టే చలిలో బయట వేడెక్కడిది?" అంటారేమో. సున్నా సెంటీగ్రేడ్ అంటే 273 కెల్విన్, థర్మోడైనమిక్స్ క్లాసు గుర్తు తెచ్చుకోండి :) నార్వేలో సగానికి పైగా ఇళ్ళలో హీట్ పంపులే ఉన్నాయి.

మామూలు ఎలక్ట్రిక్ హీటరు ఒక యూనిట్ కరెంటు తీసుకుని ఒక యూనిట్ వేడి ఇస్తుంది. హీట్ పంపు వేడిని పుట్టించదు, మోసుకొస్తుంది. అందుకే ఓ మోస్తరు చలిలో ఒక యూనిట్‌కి మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు. చలి ముదిరేకొద్దీ ఆ మూడు కాస్తా తగ్గుతూ వస్తుంది.

మరి గ్యాసుతో పోలిస్తే? ఇక్కడే లెక్క వేసుకోవాలి. ఒక థర్మ్ గ్యాసులో సుమారు 29 యూనిట్ల వేడి ఉంటుంది. 95 శాతం ఎఫిషియెన్సీ ఉన్న ఫర్నేసులో 28 దాకా ఇంట్లోకొస్తాయి. అదే వేడికి హీట్ పంపు తినేది సుమారు 9 యూనిట్ల కరెంటు. అంటే మీ యూనిట్ ధరని 9తో గుణించి, థర్మ్ ధరతో పోల్చండి. యూనిట్ 13 సెంట్లయితే 1.17 డాలర్లు. 30 సెంట్లయితే 2.70. రెండు ధరల్లోనూ డెలివరీ ఛార్జీలు కలపడం మర్చిపోకండి. కరెంటు బాగా ఖరీదైన కాలిఫోర్నియా, మసాచుసెట్స్‌లలో చాలా చోట్ల గ్యాసే గెలవొచ్చు. నార్త్ కరోలినా లాంటి చోట లెక్క వేరేగా వస్తుంది. అసలు గ్యాసు కనెక్షనే లేకపోతే ప్రతి నెలా కట్టే ఫిక్స్‌డ్ ఛార్జీ కూడా మిగులుతుంది.

"వంకాయ కాల్చి పచ్చడి చెయ్యాలంటే మంట కావాలిగా?" కావాలి, కాదనను. దాని కోసం ఇల్లంతా గ్యాసుతో వేడి చెయ్యక్కర్లేదు, పాటియోలో ఒక ప్రొపేన్ పొయ్యి చాలు.

"వచ్చే గాలి వేడిగా ఉండదట" అనేది ఇంకో కంప్లయింటు. ఫర్నేసు గాలి 120 ఫారన్‌హీట్ దాటుతుంది, హీట్ పంపు గాలి 90-100 దగ్గర ఉంటుంది. మన ఒంటి వేడే 98 కాబట్టి చేతికి చల్లగా అనిపిస్తుంది. ఎక్కువసేపు మెల్లగా తిరిగి ఇంటిని ఒకేలా ఉంచడం దాని పద్ధతి. అందుకే రాత్రి బాగా తగ్గించి పొద్దున్నే ఒక్కసారిగా పెంచొద్దు. అలా చేస్తే సాయానికి పెట్టిన హీట్ స్ట్రిప్స్ ఆన్ అవుతాయి. అవి మామూలు ఎలక్ట్రిక్ హీటర్లే. "బిల్లు పేలిపోయింది" అనేవాళ్ళు ముందు ఇది చూసుకోవాలి.

కరెంటు పోతే? 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో కరెంటు పోయినప్పుడు గ్యాసు ఫర్నేసులూ ఆగిపోయాయి. వాటి బ్లోయరు తిరగాలన్నా కరెంటే కదా.

ఇదంతా కొత్త ఇంటి విషయంలోనే ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, పాత ఇంట్లో బాగా పనిచేస్తున్న ఫర్నేసు పీకెయ్యడం దండగ. కొత్త ఇంటికి ఎలాగూ ఏసీ కొనాలి. దాని బదులు హీట్ పంపు పెడితే ఖర్చు కొంచెం పెరుగుతుంది, కానీ ఫర్నేసు కొనే పని తప్పుతుంది. గోడలు మూసేశాక డక్టులు మార్చడం, ఇన్సులేషన్ పెంచడం తలనొప్పి వ్యవహారం. టాక్స్ క్రెడిట్ వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. 2,000 డాలర్ల దాకా ఇచ్చిన ఫెడరల్ క్రెడిట్ 2025 డిసెంబర్ 31తో ముగిసింది. ఉన్న రోజుల్లో కూడా అది కొత్త ఇళ్ళకి వర్తించలేదు.

సంతకం పెట్టే ముందు బిల్డర్‌ని మూడు అడగండి. మాన్యువల్ జె లెక్క చూపిస్తారా, లేక చదరపు అడుగులు చూసి ఇన్ని టన్నులని ఊహిస్తున్నారా? టన్నులు ఎక్కువైతే మెషీన్ ఊరికే ఆగి ఆగి తిరుగుతుంది, వేసవిలో తేమ పోదు. మీ ఊళ్ళో వచ్చే గట్టి చలిలో ఆ మోడల్ ఎంత వేడి ఇస్తుంది? డక్టుల లీకేజీ టెస్ట్ రిపోర్టు ఇస్తారా?

ఆఫీసులో సర్వర్ కెపాసిటీ మీద వారం రోజులు మీటింగులు పెట్టుకుంటాం. ముప్ఫై ఏళ్ళ అప్పు చేసి కొనే ఇంటికి ఒక్క సాయంత్రం కేటాయించలేమా? ఏమంటారు?